కర్ర, రెజిన్ కలిపి ఎలక్ట్రిక్ గిటారు: మన ఎండకూ, ఉప్పుగాలికీ తట్టుకునేలా కట్టే పద్ధతి

ఎలక్ట్రిక్ గిటారుకు ఆరు తీగలూ వేసి శ్రుతి చేశాక, అవి నెక్ (గిటారు పొడవాటి మెడ) తలనూ, బ్రిడ్జినీ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) దగ్గరికి లాగే బలం మొత్తం సుమారు 46 కిలోలు. 25.5 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు) మీద, 0.010 నుంచి 0.046 అంగుళాల మందం ఉండే మామూలు 10-46 తీగల సెట్టుకు వచ్చే లెక్క ఇది. మనం వాయించినా, గోడకు తగిలించినా ఆ లాగుడు ఆగదు. ఇక గది వేడిలో గట్టిపడే ఎపాక్సీ రెజిన్ల సంగతి చూస్తే, చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. మే నెలలో నెల్లూరులో ఎండలో ఆపిన కారు లోపల అంత వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే డిజైను సగం తేలిపోతుంది. తీగల బలాన్ని కర్ర మొయ్యాలి. రెజిన్ పక్కన అందంగా ఉండాలి.

ఇంటర్నెట్‌లో కనిపించే రెజిన్ గిటార్లలో చాలావాటికి రెజిన్ పాయ నడిమధ్య నుంచి పారుతుంది. నెక్ కూర్చునే గూడూ, బ్రిడ్జి స్క్రూలూ అందులోనే పడతాయి. ఫొటోలో బాగుంటుంది కానీ నెల్లూరు, ఒంగోలు ఎండల్లో వాడుకునే గిటారుకు ఆ పద్ధతి నేను చెప్పను. బరువు సంగతీ ఉంది. 1969లో ఆంపెగ్ కంపెనీ డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిజైనుతో పూర్తిగా పారదర్శకమైన ఆక్రిలిక్ బాడీ గిటారు అమ్మింది. చూడడానికి అద్భుతం, భుజానికి మాత్రం భారం. ఎపాక్సీ కూడా లీటరుకు 1.1 కిలో దాకా తూగుతుంది. మామూలు గిటారు బాడీ ఘనపరిమాణం నాలుగున్నర లీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, మొత్తం రెజిన్‌తో పోస్తే బాడీ ఒక్కటే ఐదు కిలోలవుతుంది. ఆదివారం చర్చిలో రెండు గంటలు నిలబడి వాయించేవాళ్ళకు అది సరిపోదు. బాడీలో రెజిన్ నాలుగో వంతు దాటకుండా చూసుకోండి.

ముందు కాగితం మీద

500 మి.మీ. పొడవు, 350 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. మందం ఉన్న పలక మనకు కావాలి. నడిమధ్య 120 మి.మీ. వెడల్పు గట్టి కర్ర. దానికి రెండు పక్కలా సుమారు 30 మి.మీ. రెజిన్ పాయలు. ఆ బయట సహజమైన అంచున్న రెక్క చెక్కలు. నెక్ గూడు వెడల్పు 56 మి.మీ., బ్రిడ్జి ప్లేటు వెడల్పు 80, 85 మి.మీ. కాబట్టి రెండూ నడిమి కర్రలో హాయిగా ఇముడుతాయి. తీగల లాగుడు కర్రలోంచి కర్రలోకే పోతుంది, రెజిన్‌ను ముట్టుకోదు.

మొదటి గిటారుకు నెక్ రెడీమేడ్‌గా కొనండి. ఇది గట్టిగా చెబుతున్నాను. నెక్ చెయ్యడమంటే ట్రస్ రాడ్ (నెక్ వంపును సర్దే లోపలి కడ్డీ) గాడి తియ్యాలి, ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) గాట్లు కొయ్యాలి, ఫ్రెట్లన్నీ ఒక మట్టానికి తేవాలి. 648 మి.మీ. (25.5 అంగుళాల) స్కేలును 17.817తో భాగిస్తే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే గాట్ల ముక్క) నుంచి మొదటి ఫ్రెట్ దూరం 36.4 మి.మీ. వస్తుంది. మిగిలిన పొడవును మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది, అలా 22 దాకా. ఒక్క గాటు అర మి.మీ. తప్పినా ఆ ఫ్రెట్ జీవితాంతం అపశ్రుతే పలుకుతుంది. అదంతా రెండో గిటారుకు ఉంచుకోండి. 648 మి.మీ. స్కేలు, 22 ఫ్రెట్లు, నాలుగు స్క్రూలతో బిగించే నెక్ తీసుకోండి. బ్రిడ్జి మాత్రం బాడీ మీద చదునుగా కూర్చునే హార్డ్‌టెయిల్ రకం కొనండి. ఎత్తు స్తంభాల మీద నిలబడే బ్రిడ్జికి నెక్‌ను కాస్త వంచి గూడు తియ్యాలి. మొదటి పనికి ఆ తలనొప్పి వద్దు.

నెక్, బ్రిడ్జి, పికప్ (తీగ కదలికను కరెంటుగా మార్చే భాగం) చేతికి వచ్చేదాకా చెక్క మీద రంపం పెట్టకండి. పటంలో ఉన్న కొలతకూ, డబ్బాలో వచ్చిన వస్తువుకూ ఒకటి రెండు మి.మీ. తేడా మామూలే. మనం కోసేది వస్తువును బట్టి.

చెక్క

నడిమి కర్రకు నా మొదటి మాట పాత టేకు. ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు పాత సామాన్ల షెడ్లలో దొరుకుతాయి. యాభై అరవై ఏళ్ళు ఇంట్లో ఉండి ఆరిన కర్ర ఇక పెద్దగా వంగదు. అయస్కాంతంతో అంతా తడిమి, లోపల విరిగి ఉండిపోయిన మేకులు ముందే లాగేయండి. లేకపోతే మిల్లు బ్లేడు పోతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు గానీ రెజిన్ గానీ తగిలే ముఖాన్ని, అవి పెట్టే ముందు అసిటోన్ గుడ్డతో తుడవాలి. ఈ చిన్న పని మానేస్తే ఏడాది తర్వాత అతుకు ఊడుతుంది.

రెండో మాట పనస. బొబ్బిలి వీణ చెక్కేది పనస దుంగలోనే. తూకం టేకు కంటే కాస్త తక్కువ, పనిముట్టుకు బాగా లొంగుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు రంగు ముదిరి తేనె రంగుకు తిరుగుతుంది.

రెక్కలకు మామిడి, లేదా మలబారు వేప. మలబారు వేప మరీ తేలిక కాబట్టి రెజిన్ బరువును అది సర్దుతుంది. మామిడి గీతలు, నల్లటి చారలు చూడముచ్చటగా ఉంటాయి కానీ పుచ్చు తొందరగా పడుతుంది. సన్నటి చిల్లుల్లోంచి పిండి రాలుతుంటే ఆ ముక్క వద్దు. బయటి అంచు బాగా వంకరలు తిరిగిన ముక్క ఏరండి. రెజిన్‌లోకి ఆ అంచే కనిపిస్తుంది. బెరడు మొత్తం ఉలితో ఊడదీసి, లోపలి వదులు నార ఇత్తడి బ్రష్‌తో రాలిపోయేదాకా రుద్దాలి. బెరడు ఉంచి పోస్తే రెజిన్ బెరడును పట్టుకుంటుంది, బెరడు కర్రను వదిలేస్తుంది.

ఎర్రచందనం జోలికి వెళ్ళకండి. రాపూరు, ఉదయగిరి వైపు వెలిగొండల్లో పెరుగుతుంది కాబట్టి ఎవరో ఒకరు ముక్క తెచ్చిస్తామంటారు. సరైన కాగితాలు లేకుండా ఆ కర్ర కొనడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలోనూ ఉంది. పైగా నీళ్ళలో మునిగేంత బరువు. గిటారు బాడీకి అసలు పనికిరాదు.

టింబర్ డిపోలో అడగాల్సింది చెక్క పేరుతో పాటు అది ఎప్పుడు కోసిందన్న సంగతి. నిజాయితీపరుడైన మిల్లు పెద్దాయన అయితే "ఇది మొన్న వానలకి కోసింది అబ్బయ్యా, కిటికీకి కూడా ఇవ్వను, గిటారుకు ఏం పనికొస్తది" అని తనే చెబుతాడు. గాలికి ఆరబెట్టే చెక్కకు అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. తేమ మీటరు చిన్నది ఒకటి కొనుక్కుని చూడండి. 12 శాతం లోపు ఉండాలి. సముద్రం దగ్గర ఊళ్ళలో బయట పెట్టిన చెక్క ఆ అంకె దిగడం కష్టం. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఉండేవాళ్ళు చెక్కను ఇంట్లో, ఫ్యాను తిరిగే గదిలో, కింద రీపర్లు పెట్టి నాలుగైదు వారాలు ఆరబెట్టాలి. కర్ర తేమ తీసుకుని అడ్డంగా ఉబ్బుతుంది, రెజిన్ ఉబ్బదు. పచ్చి కర్ర మీద పోసిన రెజిన్ అంచు ఎక్కడ విడుతుందో అక్కడ వెంట్రుకవాసి గీత పడుతుంది. దాన్ని ఏ పాలిషూ దాచలేదు.

ఎప్పుడు పోయాలి

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి శివరాత్రి లోపు రెజిన్ పని ముగించండి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో గాలిలో తేమ ఎక్కువై, హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపే ద్రవం) తేమతో కలిసి పైన జిడ్డు పొర కడుతుంది. దాని మీద రెండో పోత అతకదు. ఇక రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు. ఆ వేడిలో రెజిన్ కప్పులోనే ఉడికిపోతుంది. రెజిన్ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం దాదాపు సగానికి పడిపోతుంది.

రోజులో కూడా వేళ ఉంది. పొద్దున పోస్తే, ఎండెక్కే కొద్దీ కర్ర రంధ్రాల్లో గాలి వ్యాకోచించి బుడగలై రెజిన్‌లోకి వస్తూనే ఉంటుంది. సాయంత్రం ఐదు, ఆరు గంటలకు వేడి తగ్గే వేళ పోస్తే కర్ర ఆ గాలిని లోపలికి లాక్కుంటుంది, దాంతో పాటు రెజిన్‌నూ కొంచెం పీల్చుకుంటుంది. పడవలు కట్టేవాళ్ళకు బాగా తెలిసిన కిటుకు ఇది.

అచ్చు, కొలత

చీమకుర్తి గ్రానైటు దగ్గరున్నవాళ్ళకు ఒక లాభం ఉంది. పాలిష్ పట్టిన పలకల తుంపులు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పువి సులువుగా దొరుకుతాయి. ఒకటి తెచ్చుకోండి. అచ్చు కింద పెడితే అచ్చు అడుగు కుంగదు. తర్వాత దాని మీదే ఎమరీ పేపరు అంటించి బాడీని చదును చెయ్యవచ్చు. తెచ్చుకునే ముందు ఉక్కు స్కేలు అంచు నిలబెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో నాలుగు వైపులా చూడండి. కనిపిస్తే ఇంకోటి ఏరండి.

ఆ పలకను రసమట్టంతో రెండు దిక్కులా సరిచూసి, పైన ఎండీఎఫ్‌తో నాలుగు గోడల పెట్టె కట్టాలి. లోపల అంతా వెడల్పాటి ప్యాకింగ్ టేపు ముడతల్లేకుండా అంటించండి. రెజిన్ దానికి అతకదు. మూలలన్నిటికీ సిలికాన్ గీయండి. రెజిన్ చీమ దూరే సందు దొరికినా రాత్రంతా కారిపోతుంది. అందుకే ముందు నీళ్ళు పోసి అరగంట చూసి, తుడిచి బాగా ఆరబెట్టాకే చెక్కలు పెట్టాలి.

చెక్కలు స్థానంలో పెట్టాక రెజిన్ ఎంత కావాలో తేల్చడానికి బియ్యం చాలు. రెండు పాయల్లో పొడి బియ్యం పై అంచుదాకా పోసి, తిరిగి కొలత జాడీలోకి తియ్యండి. మనం వేసుకున్న కొలతలకు సుమారు 1,350 మి.లీ. వస్తుంది. 1.1తో హెచ్చిస్తే దాదాపు కిలోన్నర. కప్పులకు అంటుకునేది, కర్ర పీల్చేది కలిపి పది శాతం వేస్తే 1,650 గ్రాములు. మీ రెజిన్ తూకంలో రెండుకు ఒకటి అయితే 1,100 గ్రాముల రెజిన్, 550 గ్రాముల హార్డెనర్. డబ్బా మీద నిష్పత్తి తూకంలో ఇచ్చారా, కొలతలో ఇచ్చారా అన్నది రెండుసార్లు చదవండి. రెండూ ఒకటి కాదు. ఒక్క గింజ కూడా మిగలకుండా ఊదేసి పనిలోకి దిగండి.

కొనాల్సింది లోతు పోతకు పనికొచ్చే కాస్టింగ్ రెజిన్. బల్లల మీద పూసే పల్చటి కోటింగ్ రెజిన్ కాదు. కోటింగ్ రకాన్ని 45 మి.మీ. లోతు పోస్తే పొగలు వచ్చి, పసుపెక్కి, మధ్యలో పగులుతుంది.

పోత

నైట్రైల్ చేతి తొడుగులు, ఆవిరి ఆపే కార్ట్రిడ్జి మాస్కు, కళ్ళద్దాలు. వీటికి మినహాయింపు లేదు. ఎపాక్సీ చర్మానికి పదే పదే తగిలితే ఒకరోజు ఎలర్జీ మొదలవుతుంది, మొదలయ్యాక జీవితాంతం ఉంటుంది. చేతికి అంటితే థిన్నర్‌తో కడగకండి, అది చర్మంలోకి ఇంకా లోతుగా తీసుకెళ్తుంది. సబ్బూ నీళ్ళూ వాడండి.

మొదట కర్ర అంచులకు బ్రష్‌తో పల్చగా రెజిన్ పూత. ఇది రంధ్రాలు మూస్తుంది. వేలు పెడితే జిగటగా తగులుతూ వేలికి అంటని స్థితికి వచ్చాక అసలు పోత. ఈలోపు చెక్కలను పైనుంచి అడ్డ బద్దలతో, సి క్లాంపులతో అదిమి పెట్టాలి. కర్ర రెజిన్ కంటే తేలిక కాబట్టి వదిలేస్తే లేచి తేలుతుంది.

కలపడం నిదానంగా నాలుగు నిమిషాలు. అంచులూ అడుగూ గీకుతూ కలపండి. తర్వాత వేరే శుభ్రమైన కప్పులోకి వంచి ఇంకో నిమిషం కలపాలి. మొదటి కప్పు గోడలకు కలవని రెజిన్ అంటుకుని ఉంటుంది. అదే చివర్లో కారి పాయలో పడితే అక్కడ ఎప్పటికీ గట్టిపడని మెత్తటి మచ్చ మిగులుతుంది. మొత్తం ఒకేసారి కలపకండి. సుమారు 22 మి.మీ. చొప్పున రెండు పోతలు చాలు. మొదటిది జెల్లీలా బిగుసుకుని ఇంకా జిగట ఉన్నప్పుడే రెండోది పోస్తే రెండూ రసాయనికంగా ఒకటైపోతాయి. ఆ సమయం దాటిపోతే పూర్తిగా గట్టిపడనిచ్చి, 80 నంబరు ఎమరీతో గరుకు చేసి, తుడిచి పొయ్యాలి.

రంగు మీ ఇష్టం. నాకు మాత్రం మన జిల్లా గిటారుకు చీమకుర్తి గెలాక్సీ రంగే నచ్చుతుంది. ఆ నల్లరాతిలో బంగారు చుక్కలుగా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. రెజిన్‌లో అది రావాలంటే నల్ల రంగు నాలుగైదు చుక్కలు వేసి, లోతు కాస్త కనిపించేలా ఉంచి, రాగి బంగారు మైకా రేకులు కలపాలి. మొదటి పోతలో రేకులు తక్కువ వెయ్యండి, అవి అడుక్కి దిగిపోతాయి. రెండో పోతలో రెజిన్ కాస్త చిక్కబడ్డాక రేకులు కలిపి పోస్తే ఎక్కడివక్కడ నిలబడతాయి. రేకుల పరిమాణాలు కలగలిపి ఉంటేనే రాయిలా కనిపిస్తుంది. అన్నీ ఒకే సైజువైతే పెళ్ళి చీర మీద జరీ పొడి చల్లినట్టు ఉంటుంది.

పైకి వచ్చిన బుడగలకు హీట్ గన్ దూరం నుంచి ఒక్క ఊపు చాలు. ఒకే చోట ఆపి కాల్చకండి. పైన అట్టపెట్టె బోర్లించి దుమ్ము పడకుండా మూసేయండి. కప్పులో మిగిలిన రెజిన్ వేడెక్కి పొగలు కక్కుతుంది, కాబట్టి ఆరుబయట మట్టి నేల మీద పెట్టండి. గట్టిపడ్డాకే పారెయ్యాలి. కాలవలో పొయ్యకూడదు.

మూడు రోజులకు అచ్చు విప్పవచ్చు. రంపం పెట్టడానికి మాత్రం వారం ఆగండి. పూర్తిగా గట్టిపడని రెజిన్ బ్లేడు వేడికి కరిగి బంకలా చుట్టుకుంటుంది.

చదును చేసి ఆకారం కొయ్యడం

రెండు పక్కల పట్టాలు కట్టి వాటి మీద రౌటర్‌ను (తిరిగే బిట్‌తో చెక్క తొలిచే యంత్రం) జారిస్తూ పలకను రెండు ముఖాలా చదును చేయండి. చిత్రిక వద్దు. కర్ర నారా, రెజినూ పక్కపక్కనే ఉన్నచోట బ్లేడు రెజిన్ అంచును పెచ్చులుగా లేపుతుంది. తర్వాత గ్రానైటు పలక మీద 80, ఆ పైన 120 ఎమరీ.

బాడీ ఆకారాన్ని 12 మి.మీ. ఎండీఎఫ్ మీద గీసి, కోసి, అంచు నునుపు చేసి టెంప్లేటు చేసుకోండి. గంట పట్టినా సరే, అంచు వేలికి ఎక్కడా తగలకూడదు. టెంప్లేటు మీద గుంట ఉంటే గిటారు మీద అదే గుంట వస్తుంది. జిగ్ సాతో గీతకు 3 మి.మీ. బయటగా కోసి, మిగిలింది టెంప్లేటును ఆనుకుని తిరిగే బేరింగ్ బిట్‌తో. ఒక్కో విడతకు 5 మి.మీ. మించి దించకండి. వాలు తిరిగే కొమ్ముల దగ్గర నార అడ్డం వస్తుంది, అక్కడ ఇంకా తక్కువ. పదునైన కార్బైడ్ బిట్, తక్కువ స్పీడు. రెజిన్ తెల్లటి చిప్స్‌లా రాలుతుంటే సరిగా కోస్తున్నట్టు, దారాల్లా చుట్టుకుంటుంటే వేడెక్కినట్టు. ఆ పొడి పీల్చకూడదు, దుమ్ము మాస్కు తప్పదు.

నెక్ గూడు, బ్రిడ్జి

గిటారు మోగుతుందా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది. ఏ కర్రకు ఏ నాదమని వాదించుకునేవాళ్ళు ఉంటారు. నా ఉద్దేశంలో ఎలక్ట్రిక్ గిటారులో పికప్, తీగలు, సెటప్ తర్వాత లెక్కకొచ్చేది నెక్ ఎంత బిగుతుగా కూర్చుందన్నదే.

బాడీ మీద మధ్య గీత పెన్సిలుతో చివరిదాకా గీయండి. నెక్ మీద కూడా నట్ మధ్య, చివరి ఫ్రెట్ మధ్య గుర్తించి టేపు మీద గీత పెట్టండి. రెండు గీతలూ కలిసేలా నెక్‌ను బాడీ మీద పెట్టి, దాని రెండు పక్కలకూ సూటి ఎండీఎఫ్ బద్దలు ఆనించి రెండువైపులా టేపుతో అంటించండి. నెక్ తీసేస్తే ఆ నెక్‌కు సరిపోయే టెంప్లేటు తయారు. అచ్చు 56 మి.మీ. అని కొలిచి కోసేదాని కంటే ఇది నయం. లోతు 16 మి.మీ. మూడు నాలుగు విడతల్లో దించండి. గూడు అడుగు చదునుగా ఉండాలి, లప్పంతో సర్దకూడదు. పరీక్ష ఏమిటంటే, స్క్రూలు లేకుండా నెక్ గూడులో దించి, నెక్ పట్టుకుని బాడీని పైకెత్తండి. జారకపోతే చాలు.

బ్రిడ్జి స్థానం పటం చూసి పెట్టకండి. నెక్ బిగించాక, నట్ లోపలి అంచు నుంచి 12వ ఫ్రెట్ మధ్యకు స్టీలు స్కేలుతో కొలవండి. 648 స్కేలుకు 324 మి.మీ. రావాలి. వచ్చిన అంకెకు రెండింతలు దూరంలో సన్న తీగ సాడిల్ (బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే చిన్న దిమ్మ) ఉండాలి. సాడిల్‌ను ముందుకు రెండు మూడు మి.మీ. మిగిలేలా తిప్పి పెట్టండి, ఎందుకంటే లావు తీగలు వెనక్కి జరగాలి. అన్నిటికంటే లావైనదానికి 3, 4 మి.మీ. అదనపు దూరం పడుతుంది. ఇప్పుడు బ్రిడ్జిని టేపుతో తాత్కాలికంగా అంటించి, మేస్త్రీలు గోడకు కట్టే సన్న దారం తీసుకుని నట్ రెండు చివరి గాట్ల నుంచి రెండు చివరి సాడిళ్ళకు లాగి కట్టండి. ఫ్రెట్‌బోర్డు రెండు అంచుల నుంచీ దారం సమాన దూరంలో ఉందా? ఒక పక్క మూడు, ఇంకో పక్క ఐదు మి.మీ. ఉంటే బ్రిడ్జిని జరపండి. సరిపోయాకే డ్రిల్లు పెట్టాలి. నెక్ స్క్రూలైనా, బ్రిడ్జి స్క్రూలైనా ముందు పైలట్ రంధ్రం (స్క్రూకు దారి చూపే సన్న రంధ్రం) వేసి, మరకు కొవ్వొత్తి మైనం రాసి తిప్పండి. పికప్ రింగు, వెనక మూత లాంటి చిన్న స్క్రూలు రెజిన్‌లో పడితే రంధ్రం కర్రకు వేసేదాని కంటే కాస్త పెద్దది వెయ్యాలి. కర్రలా రెజిన్ చోటివ్వదు, పగులుతుంది.

పికప్ గుంట 20 మి.మీ. లోతు. కంట్రోలు గుంట వెనక వైపు నుంచి తియ్యండి. పైన 6 మి.మీ. మిగలనివ్వాలి, అంతకు మించితే వాల్యూం పాట్ (శబ్దాన్ని పెంచి తగ్గించే తిప్పుడు భాగం) మర పైకి రాదు. బ్రిడ్జి కిందికి సన్నటి పొడవాటి రంధ్రం ఒకటి వెయ్యడం మరిచిపోకండి. అందులోంచి పోయే ఎర్త్ తీగ లేకపోతే గిటారు ఎప్పుడూ గుంయ్‌మంటూనే ఉంటుంది.

నునుపు, పాలిష్

వైరింగ్ కంటే ముందే ఇది ముగించాలి. 120, 180, 240, 400 వరుసలో ఏ నంబరూ ఎగరెయ్యకండి. 120 గీతలు 400కు పోవు, పాలిష్ వేశాక నల్ల రెజిన్‌లో వెన్నెలకు కూడా కనిపిస్తాయి. ఈ దశలో నీళ్ళు వాడొద్దు, కర్ర నార లేస్తుంది.

నూనె పాలిష్ కర్రకు బాగుంటుంది కానీ రెజిన్ దాన్ని తాగదు, రెండూ రెండు రకాలుగా మెరుస్తాయి. అందుకే రెండు పాళ్ళు కలిపి వేసే పీయూ (పాలీయురేథేన్) క్లియర్ కోటు మేలు. కార్లకు పెయింటు వేసే షెడ్డులో స్ప్రే గన్, గది, అలవాటైన చెయ్యి ఉంటాయి. బాడీ ఇచ్చి మూడు నాలుగు పల్చటి కోట్లు వేయించుకోవచ్చు. ఇంట్లో స్ప్రే చేసేవాళ్ళు దీని హార్డెనర్‌లో ఉండే ఐసోసైనేట్ మామూలు మాస్కుకు ఆగదని గుర్తుంచుకోవాలి. రెండు వారాలు ఆరాక నీళ్ళతో 1000, 1500, 2000, చివర్లో రబ్బింగ్ కాంపౌండు.

వైరింగ్

ఒక హంబకర్, ఒక వాల్యూం, ఒక టోన్, ఒక జాక్. మొదటి గిటారుకు ఇంతకంటే అక్కర్లేదు. అయస్కాంతం మీద సన్నటి రాగి తీగ వేల చుట్లు చుడితే పికప్. పైన ఉక్కు తీగ కదిలితే చుట్లలో కరెంటు పుడుతుంది. హంబకర్‌లో అలాంటి చుట్టలు రెండు, ఒకదానికొకటి ఎదురుగా కలిపి ఉంటాయి కాబట్టి ఫ్యాను రెగ్యులేటరు, ట్యూబులైటు తెచ్చే రొద రెండింటిలో కొట్టుకుపోతుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ చేసిన పని ఇది. హంబకర్‌కు 500 కిలో ఓమ్ పాట్లు, 0.022 మైక్రో ఫారడ్ కెపాసిటరు. సింగిల్ కాయిల్ వేసుకుంటే 250, 0.047. గుంటల లోపల రాగి టేపు అంటించి, టేపు ముక్కలన్నిటినీ కలిపి ఎర్త్ చేయండి. పికప్ సిగ్నల్ తీగ (హాట్ వైరు) వాల్యూం పాట్ మొదటి కాలుకు, నడిమి కాలు నుంచి జాక్ కొనకు, మూడో కాలు పాట్ వీపుకు. టోన్ పాట్ నడిమి కాలును వాల్యూం మొదటి కాలుకు కలిపి, దాని పక్క కాలు నుంచి కెపాసిటరు ద్వారా ఎర్త్. బ్రిడ్జి తీగ కూడా పాట్ వీపుకే. టంకం వేసేటప్పుడు పాట్ వీపు మీద మూడు సెకన్లు మించి ఇనుము ఆనించకండి, లోపలి పట్టీ కాలుతుంది.

నాబ్‌లు కొనకండి. ఉదయగిరిలో చెక్క చెంచాలు, ఫోర్కులు చేసే కుటుంబాలున్నాయి. కొలత, లోపలి రంధ్రం సైజు ఇస్తే రెండు నాబ్‌లు చెయ్యడం వాళ్ళకు చాలా చిన్న పని. చేతికి ఆ కర్ర తగిలే తీరు ప్లాస్టిక్‌కు రాదు.

తీగలు వేశాక

శ్రుతి చేసి ఒకరోజు వదిలేయండి. మర్నాడు లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకుని ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. 0.2 నుంచి 0.25 మి.మీ., అంటే పల్చటి విజిటింగ్ కార్డు దూరేంత. ఎక్కువుంటే ట్రస్ రాడ్ పావు తిప్పు బిగించండి, తక్కువుంటే వదులు చేయండి, పావు తిప్పు దాటకుండా మళ్ళీ గంట ఆగండి. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2 మి.మీ., సన్న తీగ 1.6 మి.మీ. తర్వాత ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా శ్రుతి సరిపోయేలా చూడడం. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనరులో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే సాడిల్ వెనక్కి, తక్కువ పలికితే ముందుకు. ప్రతి తీగకూ.

రెండు వారాల తర్వాత నెక్ స్క్రూలు మరోసారి బిగించండి. మొదటిసారి బిగించినప్పుడు కూర్చోని కర్ర ఇప్పుడు కూర్చుంటుంది. వానాకాలం మొదలైన నెలలో ట్రస్ రాడ్ మళ్ళీ చూసుకోవాలి, ఎండలు ముదిరినప్పుడు ఇంకోసారి. కేసులో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి. కారులో ఎక్కడికైనా తీసుకెళ్తే దిగేటప్పుడు మీతో పాటే దింపేయండి.